ఆర్టికల్ మారింది, నామవాచకం మారలేదు: జర్మన్ విభక్తులతో ఒక నర్సు కేసు

నేపథ్యం

జర్మనీ వెళ్ళాలనుకునే నర్సులకు జర్మన్ నేర్పడం నా పని. ఇక్కడ రాస్తున్నది వాళ్ళలో ఒకరి కేసు. ఊరు, ఆసుపత్రి, పరీక్ష తేదీలు వదిలేశాను. ఉదాహరణ వాక్యాలను కొద్దిగా మార్చాను కానీ తప్పు జరిగిన తీరును మాత్రం ముట్టుకోలేదు. జర్మన్ మాటలను పలికినట్టే తెలుగు లిపిలో రాస్తున్నాను.

ఆమె పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఆ తర్వాత ఇంటర్, బీఎస్సీ నర్సింగ్ అన్నీ ఇంగ్లీషులోనే. ఐసీయూలో కొన్నేళ్ళు పనిచేసింది. జర్మన్ బీ1 స్థాయి దాకా (భాషా స్థాయులు ఏ1, ఏ2, బీ1, బీ2 అని పైకి వెళ్తాయి) వేరే చోట నేర్చుకుంది, అక్కడ పాఠం మొత్తం ఇంగ్లీషులో జరిగేది. ఈ సంగతి మొదట్లో అంత ముఖ్యంగా అనిపించదు. కేసు తిరిగిన మలుపు మాత్రం దీని దగ్గరే ఉంది.

జర్మనీలో నర్సుగా గుర్తింపు కావాలంటే మామూలుగా బీ2 స్థాయి అడుగుతారు. గోథె ఇన్‌స్టిట్యూట్ పెట్టే బీ2 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం అని నాలుగు మాడ్యూళ్ళు. ఒక్కోటి 100 మార్కులకు, ప్రతిదానిలోనూ కనీసం 60 రావాలి. పోయిన మాడ్యూల్ ఒక్కటే మళ్ళీ రాసుకోవచ్చు. ఆమెకు మూడు అయిపోయాయి, రాయడం ఒక్కటే మిగిలింది. 75 నిమిషాల్లో రెండు రాతలు రాయాలి: ఒక విషయం మీద అభిప్రాయం కనీసం 150 మాటల్లో, ఆఫీసు పనికి సంబంధించిన సందేశం కనీసం 100 మాటల్లో. ఆమెకు ఆలోచనలకు కొదవ లేదు, వాక్యాలు పొడుగ్గా, ధైర్యంగా రాస్తుంది. మార్కులు పోతున్నది వ్యాకరణం దగ్గరే.

సమస్య ఏ రూపంలో వచ్చింది

"సార్, నాకు కేసులు అస్సలు రావట్లేదు. నామినేటివ్ నుంచి మళ్ళీ చెప్పండి" అంటూ వచ్చింది. కేసులంటే విభక్తులు, నామినేటివ్ అంటే ప్రథమ.

ఈ మాట చాలామంది అంటారు. విద్యార్థి చెప్పిన రోగాన్నే రోగనిర్ధారణ అనుకుంటే ఆర్టికల్ (నామవాచకం ముందు వచ్చే, ఇంగ్లీషు "ద" లాంటి మాట) ఏ విభక్తిలో ఎలా మారుతుందో చెప్పే టేబుల్ మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది, నెల గడిచిపోతుంది. అందుకే ముందు టేబుల్ అప్పజెప్పమన్నాను. పుంలింగం డేర్ (నామినేటివ్, కర్త), డేన్ (అక్యుజేటివ్, మన "ని"), డేమ్ (డేటివ్, మన "కి"), డెస్ (జెనిటివ్, మన షష్ఠి). అదే వరసలో స్త్రీలింగం డీ, డీ, డేర్, డేర్. నపుంసకం డాస్, డాస్, డేమ్, డెస్. బహువచనం డీ, డీ, డేన్, డేర్. ఎక్కాలు అప్పజెప్పినట్టు గడగడా చెప్పేసింది. మిట్ (తో), బై, నాఖ్, జైట్, త్సు లాంటి మాటల తర్వాత డేటివ్ అనీ, ఫ్యూర్ (కోసం), ఓనె, డుర్ష్ తర్వాత అక్యుజేటివ్ అనీ ఆమెకు తెలుసు. మరి లేనిది ఏమిటి?

పాత రాతలు ఏమైనా ఉంటే తెమ్మన్నాను. ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చింది. అందులో డ్యూటీ రిపోర్టుల తీరులో రాసిన అభ్యాసాలు ఉన్నాయి. ఒక పేజీలో ఈ వాక్యాలు కనిపించాయి:

"ఇష్ హాబె డేన్ పాట్సియెంట్ గెఫ్రాక్ట్" (పేషెంట్‌ని అడిగాను).
"డేమ్ పాట్సియెంట్ గేట్ ఎస్ బెసర్" (పేషెంట్‌కి ఇప్పుడు నయంగా ఉంది).
"డేర్ బ్లూట్‌డ్రుక్ డెస్ పాట్సియెంట్స్ ఇస్ట్ హోఖ్" (పేషెంట్ బీపీ ఎక్కువగా ఉంది).
"ఇష్ హాబె మిట్ డేన్ కిండర్ గెష్ప్రోఖెన్" (పిల్లలతో మాట్లాడాను).

నాలుగింటిలోనూ విభక్తి సరిగ్గానే ఎంచుకుంది, ఆర్టికల్ కూడా సరిగ్గానే పెట్టింది. తప్పంతా నామవాచకం చివరే ఉంది. మొదటి రెండింటిలో "పాట్సియెంటెన్" ఉండాలి. మూడోదాంట్లో ఎస్ కాదు, అక్కడా "పాట్సియెంటెన్" అనే రావాలి. నాలుగోదాంట్లో "కిండర్న్". "కేసులు రావట్లేదు" అన్న మనిషికి కేసులు బాగానే వచ్చు. రానిదల్లా కేసు నామవాచకం మీద ఎక్కడ పడుతుందన్నదే.

తెలియనివాళ్ళ కోసం ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. జర్మన్‌లో విభక్తి బరువు ఎక్కువగా ఆర్టికలే మోస్తుంది. నామవాచకం మారే సందర్భాలు తక్కువ. స్త్రీలింగ పదం ఏకవచనంలో ఏ విభక్తిలోనూ మారదు. పుంలింగ, నపుంసక పదాల్లో చాలావాటికి ఏకవచనం జెనిటివ్‌లో ఎస్ (s) గానీ ఎఎస్ (es) గానీ చేరుతుంది: డెస్ బెవోనర్స్ (నివాసి), డెస్ ఆర్ట్స్‌టెస్ (డాక్టర్). బహువచనం డేటివ్‌లో చివర ఎన్ చేరుతుంది: డీ కిండర్ అన్నది మిట్ డేన్ కిండర్న్ అవుతుంది, డీ హెండె (చేతులు) అన్నది మిట్ డేన్ హెండెన్ అవుతుంది. బహువచనం ఇదివరకే ఎన్‌తో గానీ ఎస్‌తో గానీ ముగిస్తే ఇంకేమీ చేరదు, అందుకే మిట్ డేన్ ఆటోస్ (కార్లు). ఇక చివరిది, ఎక్కువ ఇబ్బంది పెట్టేది: కొన్ని పుంలింగ పదాలు నామినేటివ్ ఏకవచనంలో తప్ప మిగతా అన్నిచోట్లా ఎన్ (n) లేదా ఎఎన్ (en) తగిలించుకుంటాయి. పాఠాల్లో వీటిని ఎన్-డెక్లినేషన్ అంటారు. డేర్ పాట్సియెంట్, డేన్ పాట్సియెంటెన్, డేమ్ పాట్సియెంటెన్, డెస్ పాట్సియెంటెన్. ఎక్కువగా ఇవి మనుషులనో జంతువులనో చెప్పే పదాలు.

మరో పాత డేటివ్ గుర్తు కూడా ఉండేది, చివర ఎ చేరడం. ఇప్పుడది "త్సు హౌజె" (ఇంట్లో), "నాఖ్ హౌజె" (ఇంటికి) లాంటి స్థిరపడిపోయిన మాటల్లోనే మిగిలింది. ఆమె వాటిని మొదటి రోజు నుంచీ తప్పు లేకుండా రాస్తోంది. ఎందుకంటే వాటిని ఎవరూ ఆమెకు రూల్‌గా చెప్పలేదు, మాటలుగా నేర్పారు. ఈ సంగతి నోట్ చేసి పెట్టుకున్నాను, తర్వాత పనికొచ్చింది.

తప్పులను విడదీయడం

నోట్‌బుక్‌లో ఉన్న తప్పులన్నిటినీ మూడు రకాలుగా విడదీశాను: విభక్తే తప్పుగా ఎంచుకున్నవి, లింగం తప్పినవి, ఆర్టికల్ సరిగ్గా ఉండి నామవాచకం మారనివి. లింగం తప్పినవి చాలా తక్కువ, ఎందుకంటే ప్రతి పదాన్నీ ఆర్టికల్‌తోనే నేర్చుకుంది. మూడో రకమే అన్నిటికన్నా ఎక్కువగా తేలింది.

ఆ మూడో రకంలో చూసింది ఇంకో విషయం. "కొలేగె" (తోటి ఉద్యోగి) అన్న పదాన్ని ఆమె ఎక్కడ రాసినా "మైనెమ్ కొలేగెన్" అని సరిగ్గానే రాసింది. "యుంగె" (అబ్బాయి) కూడా "డేన్ యుంగెన్" అయింది. ఈ రెండూ పాట్సియెంట్ గుంపు పదాలే. మరి పాట్సియెంట్, అసిస్టెంట్, ష్టుడెంట్ మాత్రం ఒక్కచోట కూడా ఎన్ తీసుకోలేదు. రూల్ తెలియకపోతే అన్నీ తప్పాలి, తెలిస్తే అన్నీ రావాలి. సగం వచ్చి సగం రాలేదంటే కారణం పదంలోనే ఎక్కడో ఉండాలి.

మారని పదాలన్నీ ఇంగ్లీషులో దాదాపు అదే రూపంలో ఉన్నవి. పేషెంట్ అన్నది ఆమె రోజుకు వందసార్లు నోట్లో ఆడే మాట. రాసేటప్పుడు ఆ అక్షరాలు ఇంగ్లీషు అలవాటు మీద చేతికి వచ్చేస్తున్నాయి, ఇంగ్లీషులో ఆ పదం షష్ఠిలో ఎస్ చేరడం తప్ప ఏ విభక్తిలోనూ మారదు. కొలేగె, యుంగె చూడగానే జర్మన్ పదాల్లా కనిపిస్తాయి కాబట్టి అక్కడ ఆమె జర్మన్‌లో ఆలోచిస్తోంది. నర్సులకు ఈ ఇబ్బంది మిగతావాళ్ళ కంటే ఎక్కువ. వాళ్ళ వృత్తి పదాల్లో లాటిన్, గ్రీకు మూలాలవి చాలా ఉన్నాయి: టెరపాయిట్ (థెరపిస్ట్), కార్డియోలోగె, నోయ్‌రోలోగె (న్యూరాలజిస్ట్), ప్రాక్టికాంట్ (ట్రైనీ). వీటిలో చాలావరకు ఈ గుంపులోనే ఉంటాయి.

విభక్తే తప్పుగా ఎంచుకున్న వాక్యాలు కొన్నే అయినా, అవన్నీ ఒకే నాలుగైదు క్రియల చుట్టూ తిరిగాయి. వాటి సంగతి చివర్లో చెప్తాను. ముందు పని మూడో రకంతోనే అనుకున్నాను, ఎందుకంటే మార్కులు ఎక్కువగా పోతున్నది అక్కడ.

చేసి చూసినవి, పనిచేయనివి

మొదట పుస్తకాల్లో ఉండే దారే పట్టాను. పదం చివర చూసి గుంపును గుర్తుపట్టడం: ఎంట్, ఆంట్, ఇస్ట్, ఓగె, ఆట్, చివర ఎ వచ్చే పుంలింగ పదాలు. దీన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఒక్కో పదాన్నీ బట్టీ పట్టడం కన్నా చివర్లు గుర్తుంచుకోవడం తేలిక, కొత్త పదం వచ్చినా పనికొస్తుంది. ఖాళీలు పూరించే అభ్యాసాలు ఇచ్చాను. వారం తిరక్కుండానే అన్నీ సరిగ్గా నింపేస్తోంది. కానీ సొంతంగా రాయమంటే మళ్ళీ "డేమ్ పాట్సియెంట్" అనే వచ్చేది.

ఖాళీ ఉన్నచోట ఏదో మారాలని ఆ ఖాళీయే చెప్పేస్తుంది. సొంత రాతలో అలా చెప్పేవాళ్ళు ఉండరు. ఆమెకు కావాల్సింది ఎలా మార్చాలన్న జ్ఞానం కాదు, ఇక్కడ మార్చాలని తట్టడం. ఆ తట్టడాన్ని ఖాళీల అభ్యాసం నేర్పదు. ఇలాంటివి ఎన్ని పేజీలు చేయించినా టీచర్‌కీ విద్యార్థికీ పని జరుగుతోందన్న తృప్తి మిగులుతుందే తప్ప రాతలో తేడా కనిపించదు.

దానికి తోడు ఇంకో కొత్త తప్పు వచ్చింది. ఎన్ పెట్టాలని భయం పట్టుకున్నాక "డేమ్ ఆర్ట్స్‌టెన్" అని రాయడం మొదలుపెట్టింది. ఆర్ట్స్ట్ ఈ గుంపు కాదు, అది డేమ్ ఆర్ట్స్ట్. డోక్టోర్‌కు ఏకవచనంలో ఎన్ చేరదు, జెనిటివ్‌లో మామూలుగా డెస్ డోక్టోర్స్. అన్నిటికన్నా తిప్పలు పెట్టింది బెవోనర్. వృద్ధాశ్రమాల్లో ఉండేవాళ్ళను పాట్సియెంట్ అనరు, బెవోనర్ అంటారు. ఆ పదం కూడా ఈ గుంపు కాదు, కానీ దాని బహువచనం కూడా బెవోనరే కావడంతో డేటివ్ బహువచనంలో మిట్ డేన్ బెవోనర్న్ అవుతుంది. దాంతో ఆమె ఏకవచనంలో కూడా "డేమ్ బెవోనర్న్" అని రాసేసింది. ఇలా రూల్ అవసరం లేనిచోటికి కూడా పాకడం కొత్త పాఠాల్లో మామూలే. దానికి నేను కంగారు పడలేదు. కానీ పరీక్ష దగ్గర పడుతోంది, అది తనంతట తాను సర్దుకునేదాకా ఆగడానికి టైమ్ లేదు.

రెండో ప్రయత్నం వినడం ద్వారా నేర్పడం. జర్మన్ ఆసుపత్రుల్లో షిఫ్టు మారేటప్పుడు ఒకరికొకరు చెప్పుకునే తీరులో ఉన్న ఆడియోలు వినిపించి, విన్నది రాయమన్నాను. చెవికి అలవాటైతే చేతికి వస్తుందన్నది ఆశ. అక్కడా "పాట్సియెంట్" అనే రాసింది. తిరిగి మళ్ళీ విన్నాక కారణం తెలిసింది. వేగంగా మాట్లాడేటప్పుడు జర్మన్లు "పాట్సియెంటెన్" అని విడమరిచి అనరు, "పాట్సియెంట్న్" అని చివర మింగేస్తారు. మామూలు మాటల్లో ఆ చివరను పూర్తిగా వదిలేసేవాళ్ళు కూడా ఉన్నారు. పరీక్ష రాతలో మాత్రం అది తప్పే. చెవికి అందని దాన్ని చెవి ద్వారా నేర్పడం కుదరదు. ఆ ఆడియోలను వేరే పనికి వాడుకున్నాను.

ఆర్టికల్‌కు, చివరి అక్షరాలకు రంగులు వేయించడం కూడా కొన్నాళ్ళు చేశాం. కాగితం అందంగా తయారైంది, అంతకుమించి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

ఏది పనిచేసింది

ఒకరోజు మళ్ళీ "ఇష్ హాబె డేన్ పాట్సియెంట్ గెఫ్రాక్ట్" అని రాసింది. దిద్దకుండా, ఆమెనే ఒక తెలుగు వాక్యం చదవమన్నాను. "నేను ఇల్లుకి వెళ్ళి, ఇల్లులో అన్నం తిని, ఇల్లు తలుపు వేశాను."

పడీ పడీ నవ్వింది. "ఇదేంటి సార్, చిన్నపిల్లలు కూడా ఇలా అనరు. ఇంటికి, ఇంట్లో, ఇంటి తలుపు కదా?"

"మరి ఎందుకలా మారింది?"

"అలా మారుతుందంతే సార్... మనం స్కూల్లో చదివాం కదా, ఔపవిభక్తికాలు. ఇ, టి, తి."

తెలుగు మీడియం పదో తరగతి అక్కడ ఉపయోగపడింది. ఇల్లు ఇంటి అవుతుంది, ఊరు ఊరి అవుతుంది, చెయ్యి చేతి అవుతుంది. ప్రథమలో ఒక రూపం, మిగతా విభక్తులకు ముందు వేరే రూపం. కి, లో, ని, తో అన్నీ ఆ రెండో రూపం మీదే కూర్చుంటాయి, ఏదీ తగిలించకపోతే అదే షష్ఠి అవుతుంది: ఇంటి తలుపు, ఊరి పెద్ద. పాట్సియెంట్, పాట్సియెంటెన్ సరిగ్గా ఇలాంటి జంటే. కర్తగా ఉన్నప్పుడు ఒక రూపం, ఇంకెక్కడ ఉన్నా రెండో రూపం. తేడా ఏమిటంటే మన విభక్తి ప్రత్యయం పదం వెనక వస్తుంది, జర్మన్‌లో ఆ పని ముందున్న ఆర్టికల్ చేస్తుంది. డేమ్ మన "కి" లాంటిది, పాట్సియెంటెన్ మన "ఇంటి" లాంటిది.

ఇంతకుముందు దాకా ఆమె జర్మన్‌ను ఇంగ్లీషు కళ్ళతో చూస్తోంది. ఇంగ్లీషులో నామవాచకానికి కర్తగా ఒక రూపం, మిగతా విభక్తులకు ఇంకో రూపం ఉండడమన్న ఆలోచనే లేదు. తెలుగులో అది పుట్టినప్పటి నుంచీ ఉంది, తప్పు వినపడితే నవ్వొచ్చేంత గట్టిగా ఉంది. కొత్త అలవాటును కట్టడం కన్నా ఉన్న అలవాటును అరువు తెచ్చుకోవడం సులభం కదా అని, మిగతా పనంతా దాని మీదే నడిపించాను.

పదాల నోట్‌బుక్‌లో ఈ గుంపు పదాలన్నీ రెండు రూపాల్లో తిరగరాయించాను, ఇల్లు/ఇంటి అన్నట్టు: పాట్సియెంట్/పాట్సియెంటెన్, టెరపాయిట్/టెరపాయిటెన్, ప్రాక్టికాంట్/ప్రాక్టికాంటెన్, మెన్ష్/మెన్షెన్ (మనిషి), నాఖ్‌బార్/నాఖ్‌బార్న్ (పొరుగువాడు). జర్మన్ నిఘంటువులు కూడా నామవాచకం పక్కన జెనిటివ్ రూపం, బహువచనం ఇస్తాయి, కాబట్టి ఇది నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. నర్సుకు పరీక్షలో, వార్డులో అవసరమయ్యే ఇలాంటి పదాలు రెండు చేతుల వేళ్ళకు మించినా, పెద్ద జాబితా మాత్రం కాదు. ఆ జాబితాలో లేని పదానికి ఎన్ పెట్టకూడదని గట్టిగా చెప్పాను. దాంతో ఆర్ట్స్ట్, డోక్టోర్, బెవోనర్‌ల గొడవ తగ్గింది. చివర్లు చూసి ఊహించే పద్ధతి చదివేటప్పుడు బాగుంటుంది, రాసేటప్పుడు జాబితాయే నయం.

కొంచెం విడిగా చెప్పాల్సినవి మూడు పదాలు. హెర్ (మిస్టర్) ఏకవచనంలో హెర్న్, బహువచనంలో హెరెన్. నామె (పేరు) జెనిటివ్‌లో ఎస్ కూడా చేర్చుకుని డెస్ నామెన్స్ అవుతుంది. హెర్ట్స్, అంటే గుండె, నపుంసకం కాబట్టి అక్యుజేటివ్‌లో మారదు: డాస్ హెర్ట్స్. డేటివ్‌లో డేమ్ హెర్ట్సెన్, జెనిటివ్‌లో డెస్ హెర్ట్సెన్స్. ఐసీయూ నర్సుకు ఇది తప్పించుకోలేని పదం. అయితే రిపోర్టుల్లో గుండె తరచూ ఇంకో పదంతో కలిసి సమాసంగా వస్తుంది. అప్పుడు విభక్తి చివరి పదం మీద పడుతుంది, హెర్ట్స్‌కు ఏమీ కాదు. అందుకే దాని మీద ఎక్కువ టైమ్ పెట్టలేదు.

తెలుగు సాయం ఎక్కడ ఆగుతుంది

బహువచనం దగ్గర కూడా తెలుగు అక్కరకొస్తుందని ఆమే కనిపెట్టింది. పిల్లలు అన్నది పిల్లలకి, పిల్లలతో, పిల్లల అవుతుంది కదా, కిండర్ కూడా అలాగే కిండర్న్ అవుతుందన్నమాట, అంది. మంచి పరిశీలన. కానీ దీన్ని అలాగే వదిలేస్తే ప్రమాదం. తెలుగులో బహువచనానికి రెండో రూపం అన్ని విభక్తులకూ వస్తుంది: పిల్లలని, పిల్లలకి, పిల్లల. జర్మన్‌లో ఆ ఎన్ డేటివ్‌కు మాత్రమే. ఊహించినట్టే రెండు రోజుల్లో "ఫ్యూర్ డీ కిండర్న్" అని రాసుకొచ్చింది.

అక్కడ తెలుగును పక్కన పెట్టి, ఆర్టికల్‌నే పట్టుకున్నాం. బహువచనం ముందు డేన్ కనిపిస్తే అది డేటివే, ఇంకోటి కావడానికి వీల్లేదు. ఎందుకంటే బహువచనం అక్యుజేటివ్ ఆర్టికల్ డీ. కాబట్టి రాయడం అయ్యాక చివర్లో పేపరంతా ఒకసారి చూసి, "డేన్" అన్న ప్రతిచోటా వేలు పెట్టాలి. ఆ తర్వాత ఒకటే ప్రశ్న: ఒకరా, చాలామందా? చాలామందైతే నామవాచకం చివర ఎన్ గానీ ఎస్ గానీ ఉండాలి. ఒక్కరైతే జాబితా పదమా కాదా చూడాలి. 75 నిమిషాల్లో చివరి ఐదు నిమిషాలు దీనికే అట్టేపెట్టమన్నాను. అన్ని తప్పులనూ వెతకమంటే విద్యార్థికి ఏదీ కనపడదు, ఒకే ఒక్క మాటను వెతకమంటే కనపడుతుంది.

దీనివల్ల ఇంకో లాభం కూడా కలిగింది. "ఇష్ హాబె డేమ్ పాట్సియెంటెన్ డీ టాబ్లెటెన్ గెగేబెన్" అంటే ఒక పేషెంట్‌కి మాత్రలు ఇచ్చానని. అదే డేన్ పాట్సియెంటెన్ అంటే పేషెంట్లకి ఇచ్చానని. నామవాచకం ఒక్కలాగే ఉంది, ఒక్క అక్షరం తేడాలో ఒకరు కాస్తా చాలామంది అయిపోయారు. ఇది చూపించాక ఆమె డేమ్, డేన్‌లను తొందరలో కలిపేయడం మానేసింది. వార్డులో మాత్రల లెక్క ఎంత పెద్ద విషయమో ఆమెకు నేను చెప్పాల్సిన పనిలేదు.

కి ఉంటే డేటివ్ అనుకోవడం

ఇక విభక్తే తప్పిన ఆ కొన్ని వాక్యాలు. పాత చోట ఎవరో ఆమెకు ఒక చిట్కా చెప్పారు: తెలుగులో "ఎవరిని" అని ప్రశ్న వస్తే అక్యుజేటివ్, "ఎవరికి" అని వస్తే డేటివ్. ఈ చిట్కా చెడ్డదేమీ కాదు. హెల్ఫెన్ (పేషెంట్‌కి సాయం చేయడం), గేబెన్ (ఇవ్వడం), డాంకెన్ (థాంక్స్ చెప్పడం), గెహోరెన్ (ఎవరికో చెందడం), అన్నీ కుదురుతాయి. "నాకు చలిగా ఉంది" అన్నది "మియర్ ఇస్ట్ కాల్ట్", "నాకు నచ్చింది" అన్నది "ఎస్ గెఫెల్ట్ మియర్". ఇంగ్లీషు మాత్రమే తెలిసినవాళ్ళు కొరుకుడు పడదని గింజుకునే ఈ వాక్యాలు మనవాళ్ళకు అన్నం తిన్నంత సులువు.

చిక్కంతా ఆసుపత్రిలో రోజూ వాడే క్రియల దగ్గరే. డాక్టర్‌కి ఫోన్ చేశాను: ఆన్‌రూఫెన్, ఇది అక్యుజేటివ్, డేన్ ఆర్ట్స్ట్. డాక్టర్‌కి ఇన్ఫార్మ్ చేశాను: ఇన్ఫార్మీరెన్, మళ్ళీ అక్యుజేటివ్. పేషెంట్‌కి సపోర్ట్ చేస్తాను: ఉంటర్‌ష్ట్యూట్సెన్, అదీ అక్యుజేటివే. అటునుంచి చూస్తే, డాక్టర్‌ని ఫాలో అవ్వడం ఫోల్గెన్, ఇది డేటివ్. పేషెంట్ చెప్పేది శ్రద్ధగా వినడం త్సూహోరెన్, అదీ డేటివ్. హాస్పిటల్‌కి వెళ్తున్నాను అన్నదాంట్లో "కి" చూసి ఆమె "ఇమ్ క్రాంకెన్‌హౌస్" అని రాసేది. "ఇన్" అన్న మాట తర్వాత ఒక చోటికి కదలిక ఉంటే అక్యుజేటివ్ కాబట్టి అక్కడ "ఇన్స్ క్రాంకెన్‌హౌస్" రావాలి. "ఇమ్" అన్నది "లో" ఉన్నప్పటి మాట.

చిట్కాను తీసేయాలా, ఉంచాలా అని ఆలోచించాను. తీసేస్తే అది సరిగ్గా పనిచేస్తున్న పది క్రియలు కూడా చెదిరిపోతాయి. అందుకని చిట్కాను ఉంచి, అది తప్పే క్రియలను మాత్రం ఒక కాగితం మీద పూర్తి వాక్యాలుగా రాయించాను. క్రియ పేరు, దాని విభక్తి అని కాదు, ఆమె వార్డులో నిజంగా అనబోయే వాక్యంగా. "ఇష్ రూఫె డేన్ ఆర్ట్స్ట్ ఆన్." "ఇష్ ఉంటర్‌ష్ట్యూట్సె డేన్ పాట్సియెంటెన్ బైమ్ ఔఫ్‌ష్టేయెన్" (లేచి నిలబడేందుకు పేషెంట్‌కి సాయం పడతాను). "నాఖ్ హౌజె"ను ఆమె ఎప్పుడూ తప్పకపోవడానికి కారణం ఏదో, ఇవి కుదురుకోవడానికీ అదే కారణం.

ఫలితం, మిగిలినవి

రాయడం మాడ్యూల్ మళ్ళీ రాసింది, 60 దాటింది. పరీక్షకు ముందు రాసిన చివరి అభ్యాసాల్లో "డేమ్ పాట్సియెంట్" ఒక్కటీ లేదు. "ఫ్యూర్ డీ కిండర్న్" అక్కడక్కడ తొంగిచూసింది. మాట్లాడేటప్పుడు ఇప్పటికీ ఎన్ పోతూనే ఉంటుంది. దాని వెంటపడలేదు. మాటలో ఆ తప్పు అర్థానికి అడ్డం రాదు, జర్మన్లు కూడా నోట్లో మింగేసే చోట ఆమెను ఆపి దిద్దితే ధైర్యం పోతుంది తప్ప వచ్చేదేమీ లేదు.

ఈ కేసు తర్వాత కొత్త బ్యాచ్‌లలో రెండు మార్చాను. టేబుల్ అప్పజెప్పించడం కన్నా ముందు వాళ్ళ రాతలు తీసుకుని తప్పులను మూడు రకాలుగా విడదీస్తున్నాను. ఎన్-డెక్లినేషన్‌ను బీ1లో ఒక పాఠంగా వేరే పెట్టకుండా, ఏ1లో పాట్సియెంట్ అన్న పదం వచ్చిన రోజే రెండు రూపాలతో ఇస్తున్నాను. పాఠం ఇంగ్లీషులో చెప్తున్నా సరే, ఔపవిభక్తికాల ముచ్చట ఒకసారి తెలుగులో చెప్పాకే ముందుకు వెళ్తున్నాను. తెలుగు మీడియంలో చదవనివాళ్ళకు ఆ పేరు తెలియదు, కానీ "ఇల్లుకి" అని వినగానే వాళ్ళూ నవ్వుతారు. అది చాలు.

ఈ పద్ధతికి లొంగనిది ఒకటి మిగిలింది: అన్‌గెహోరిగె. పేషెంట్ బంధువు అని అర్థం, జర్మన్ వార్డులో ఇది లేకుండా రోజు గడవదు. చూడ్డానికి కొలేగెలా ఎ తో ముగుస్తుంది, కానీ అసలు ఇది విశేషణం, నామవాచకం వేషం వేసుకుంది. డేర్ ముందుంటే అన్‌గెహోరిగె, ఐన్ ముందుంటే అన్‌గెహోరిగర్, డేమ్ ముందుంటే అన్‌గెహోరిగెన్. ఆడవాళ్ళయితే ఐనె అన్‌గెహోరిగె. రెండు రూపాల నోట్‌బుక్‌లో దీనికి చోటు లేదు. విశేషణాల చివర్లు గట్టిగా వచ్చేదాకా దీన్ని ముట్టుకోవద్దని చెప్పాను. పరీక్షలో బంధువుల గురించి రాయాల్సి వస్తే "డీ ఫమీలియె డెస్ పాట్సియెంటెన్" అని రాయమన్నాను. ఫమీలియె స్త్రీలింగం, ఏకవచనంలో ఏ విభక్తిలోనూ మారదు. పక్కనే ఉన్న పాట్సియెంటెన్‌ను ఆమె ఇక తప్పదు.